పాత బస్సు ర్యాంపును కూల్చాలా, బాగుచేయాలా? ముందు నీరు ఎక్కడికి పోతోందో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని మీ పట్టణంలో, రైలు పట్టాలు దాటి బస్టాండు వైపు దిగే పాత ర్యాంపు కింద మీకు దుకాణం ఉందన్నారు. స్లాబు అడుగున పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తున్నాయని, బస్సు వెళ్లినప్పుడల్లా జాయింటు దగ్గర దభీమని మోగుతోందని, పైన తారు వేసి వెళ్తున్నారే తప్ప కిందికి వచ్చి చూసినవారు లేరని రాశారు. న్యూయార్క్‌లో పాత బస్సు ర్యాంపులు తీసేసి కొత్తవి కడుతున్నారని చదివి, మనకూ కూల్చడమే దారా అని అడిగారు.

నేను నల్లగొండలో ఉంటాను. ముప్ఫై ఏళ్లకు పైగా వంతెనల పనుల్లోనే గడిపి విశ్రాంత జీవితంలోకి వచ్చాను. మీ ర్యాంపును చూడలేదు కాబట్టి దాని ఆయుష్షు ఇంత అని ఇక్కడ కూర్చుని చెప్పను. అయితే మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి. పేరు నీరు. అది ఏ దారిన లోపలికి వస్తోందో పట్టుకుని ఆ దారి మూసేవరకు కింద ఎంత సిమెంటు పూసినా నిలవదు. ఆ దారి మూస్తే ఇలాంటి కట్టడాలు చాలావరకు నిలబడతాయి.

ముందు న్యూయార్క్ సంగతి. అక్కడి పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్ 1950 డిసెంబరులో తెరుచుకుంది. నదికి అవతలి నుంచి లింకన్ సొరంగంలో వచ్చే బస్సులు ఎత్తైన ర్యాంపుల మీదుగా నేరుగా టెర్మినల్ అంతస్తుల్లోకి ఎక్కుతాయి. ఆ కట్టడం కాలం తీరిందని, ఇప్పటి రద్దీకి చాలదని తేల్చి, 2025లో కొత్తదానికి పని మొదలుపెట్టారు. మీరు గమనించాల్సింది పనుల వరుస. మొదట బస్సులు నిలిపే వేరే భవనం, కొత్త ర్యాంపులు కడతారు. అవి సిద్ధమయ్యాక అదే భవనాన్ని తాత్కాలిక టెర్మినల్‌గా వాడుకుంటారు. అప్పుడే పాతదాన్ని ముట్టుకుంటారు. ప్రత్యామ్నాయం సిద్ధం కాకుండా అంత పెద్ద నగరమే సాహసించలేదు. మీ పట్టణంలో ఆ ర్యాంపు తీసేస్తే బస్సులన్నీ రైల్వే గేటు దగ్గర బారులు తీరాలి. కాబట్టి కూల్చాలనే మాట వచ్చినప్పుడు మొదటి ప్రశ్న కాంక్రీటు గురించి కాదు, బస్సులు రేపటి నుంచి ఏ దారిన పోతాయన్నది.

ఇక నీరు. రైస్ మిల్లులు ఎక్కువగా ఉన్న ఒక పట్టణంలో చూసింది చెబుతాను. ధాన్యం లారీల నుంచి గింజలు రాలి, దుమ్ముతో కలిసి ఎక్స్‌పాన్షన్ జాయింటులో, అంటే వేడికి సాగేందుకు స్లాబుల మధ్య వదిలే సందులో పేరుకున్నాయి. తొలకరి పడిన వారానికి వంతెన ఎక్కితే రోడ్డుకు అడ్డంగా గీత గీసినట్టు పచ్చటి వరి నారు మొలిచి ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను నిచ్చెన వేయించుకుని సరిగ్గా ఆ గీత కిందికి వెళ్లాను. స్తంభం మీది దిమ్మె నల్లగా పాచి పట్టి ఉంది. స్లాబును మోసే దూలం, అంటే గర్డరు కింద ఉండే బేరింగు మెత్త చుట్టూ తడి మట్టి. గర్డరు చివర చేతి గోరుతో గీస్తే కాంక్రీటు పొడి పొడిగా రాలింది, లోపలి చువ్వ పెన్సిలంత సన్నబడింది. అదే గర్డరు మధ్యలో మాత్రం ఒక్క పగులు లేదు. బస్సు బరువుకు ఎక్కువగా వంగేది మధ్యభాగం. అది బాగుండి, చివర కుళ్లిందంటే దోషం బరువుది కాదు, జాయింటులోంచి కారిన నీటిది.

మీరూ ఈ పరీక్ష చేయవచ్చు. పెచ్చులూడిన చోట్లు ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తు పెట్టండి. అవి జాయింట్ల కింద, పిట్టగోడ వెంబడి, నీరు బయటికి పోయే గొట్టాల చుట్టూ గుమికూడి ఉంటే మరమ్మతుకు మంచి అవకాశం ఉంది. స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) మధ్యలో, అడుగు భాగాన అడ్డంగా పగుళ్లుంటే, లేదా గర్డరు చివర ఏటవాలుగా పగులు పాకుతుంటే అది వేరే కథ. అప్పుడు ఆలస్యం చేయకుండా బరువు వాహనాలను ఆపమని అడగాలి.

ఇనుము కాంక్రీటులో ఎందుకు తుప్పు పట్టదో, ఎప్పుడు పడుతుందో తెలిస్తే మిగతాది సులభం. తాజా కాంక్రీటు క్షార గుణం కలది, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. పీహెచ్ 9 కంటే దిగిన చోట రక్షణ పోతుంది, ఆపై తడి తగిలితే చాలు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. ఆ ఉబ్బుకే పైనున్న కాంక్రీటు పెచ్చులై ఊడుతుంది. కార్బన్ డయాక్సైడ్ పాకడం కాలంతో నెమ్మదిస్తుంది. తొలి 20 ఏళ్లలో 15 మిల్లీమీటర్లు వెళ్తే, 25 మిల్లీమీటర్లు చేరడానికి సుమారు 55 ఏళ్లు పడుతుంది. పాత పనుల్లో చువ్వ మీద 25 మిల్లీమీటర్ల కవర్, అంటే కప్పి ఉంచే కాంక్రీటు మందం, ఉంటే ఎక్కువే అనుకునేవారు, మేస్త్రీ అజాగ్రత్తగా ఉన్న చోట 10 కూడా ఉండదు. ఇప్పటి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 112 కోడ్ మామూలు వాతావరణానికే 40 మిల్లీమీటర్లు అడుగుతోంది. ఒకే స్లాబులో ఒక మూల ఊడి మరో మూల చెక్కుచెదరకుండా ఉండడానికి కారణం ఈ తేడాయే.

దీన్ని కళ్లతో చూడాలంటే ఫినాప్తలీన్ ద్రావణం చాలు. కాంక్రీటును కాస్త కొట్టి, తాజా ముఖం మీద చల్లాలి. ఆరోగ్యంగా ఉన్న భాగం క్షణాల్లో ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, చచ్చిన భాగం రంగు మారకుండా బూడిదగానే ఉంటుంది. ఆ రెండు రంగుల మధ్య గీత చువ్వకు ఇవతల ఉందా, అవతలికి దాటిందా అన్నదే ప్రశ్న. ఇంకా దాటకపోతే ఇనుముకు ఆయుష్షు మిగిలి ఉన్నట్టే. ఎందరో ఇంజినీర్లు కంప్యూటర్ లెక్కలతో చెప్పలేకపోయిన మాటను ఆ గులాబీ రంగు ఊరివాళ్ల ముందే చెప్పడం నేను చూశాను.

దానికంటే చవకైన పరీక్ష సుత్తి. అర కిలో సుత్తితో స్లాబు అడుగున అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి చోట కంచులా మోగుతుంది, లోపల పొర విడిపోయిన చోట ఖాళీ కుండ తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చోట్లను సుద్దముక్కతో చుట్టాలి. బయటికి ఊడినదాని కంటే చుట్టిన విస్తీర్ణం రెండు మూడు రెట్లు ఉండడం మామూలే. అంచనా వేసేవారు కంటికి కనిపించినది మాత్రమే కొలిచి రాస్తే పని సగంలో డబ్బు అయిపోతుంది. నేను చూసిన మరమ్మతు పనుల్లో తగాదాలన్నీ ఇక్కడే పుట్టాయి. ఆ తర్వాత అల్ట్రాసోనిక్ పరీక్ష, చువ్వల్లో తుప్పు చురుకుగా ఉందో లేదో చెప్పే హాఫ్ సెల్ పరీక్ష, అనుమానం ఉన్న చోట కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క, కోసి తీసి బలం చూడడం ఉంటాయి. హాఫ్ సెల్‌లో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి కిందికి పోతే తుప్పు నడుస్తున్నట్టే అనుకోవాలి. వీటికి తోడు ఐఆర్‌సీ ప్రత్యేక ప్రచురణ 40లో కాంక్రీటు వంతెనల మరమ్మతు మార్గదర్శకాలున్నాయి. మీ వినతిపత్రంలో ఆ పేరు రాయండి, చదివే అధికారికి మీరు ఏం అడుగుతున్నారో వెంటనే తెలుస్తుంది.

తారు సంగతి ఇంకా ముఖ్యం. 7.5 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న స్పాన్ మీద 50 మిల్లీమీటర్ల తారు పొర వేస్తే దాని బరువు సుమారు 17 టన్నులు. అంటే నిండుగా ఉన్న ఒక బస్సును రాత్రీ పగలూ అక్కడే నిలిపి ఉంచినట్టు. పాత పొర తీయకుండా మూడుసార్లు వేస్తే మూడు బస్సులు. కోల్‌కతాలో మాజేర్‌హాట్ వంతెన 2018 సెప్టెంబరు 4న కూలినప్పుడు, పొర మీద పొరగా పేరుకున్న ఈ అదనపు బరువే చర్చకు వచ్చింది. పైగా తారు ఎత్తు పెరిగితే నీటి గొట్టాల నోళ్లు పూడుకుపోతాయి, జాయింటు మీద కూడా తారు పరిచేస్తారు. 20 మీటర్ల స్పాన్ 30 డిగ్రీల వేడి తేడాకు 7 మిల్లీమీటర్ల వరకు సాగుతుంది, కుంచించుకుంటుంది. ఆ కదలికకు జాయింటు మీది తారు నెల తిరగకుండా చీలుతుంది. ఆ చీలికలోంచి నీరు నేరుగా బేరింగుల మీద పడుతుంది. కాబట్టి మీ ర్యాంపుకు మొదట కావలసింది కొత్త తారు కాదు, పాత తారు మొత్తం గీకి తీసేయడం. అది తీయగానే కట్టడం తేలికపడుతుంది, స్లాబు పైముఖం మొదటిసారి కనిపిస్తుంది. ఆ ముఖం మీద నీరు దిగని పొర వేసి, గొట్టాలు మార్చి, వాటి చివర గర్డరు మీద కాకుండా నేల వరకు దిగేలా చేసి, ఆపైన ఒకే పలుచటి పొర తారు వేయాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైన తర్వాత బస్సులు కిక్కిరిసి వంతెనలు పాడవుతున్నాయని కొందరు అంటున్నారు. మీ ప్రశ్న కింద కూడా ఒకరు అలాగే రాశారు. అది నిజం కాదు. అదనంగా 40 మంది నిలబడితే పెరిగేది రెండున్నర టన్నులు. వంతెన మోయాలని డిజైనులో లెక్కించే క్లాస్ ఎ అనే వాహనాల వరుస ఒక్కటే 55.4 టన్నులు. జనం బస్సు ఎక్కినందుకు ఏ వంతెనా కుంగదు. భయపడాల్సింది అధిక లోడుతో వెళ్లే సిమెంటు, ఇసుక, ధాన్యం లారీల ఇరుసులకు. 2018లో చట్టమే వెనుక ఇరుసు బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది, దాన్ని కూడా మించి నింపేవారున్నారు. వాళ్లను బైపాస్ మీదికి మళ్లించమని అడగండి, బస్సులను కాదు.

దభీమనే శబ్దానికి రెండు కారణాలుంటాయి. ఒకటి జాయింటు అంచు విరగడం. రెండోది బేరింగు. గర్డరుకు, స్తంభానికి మధ్య రబ్బరు, ఇనుప రేకులు పొరలుగా అతికించిన మెత్తలుంటాయి. అవి ఎండకు బీటలువారి, పక్కకు ఉబ్బి, ఒక్కోసారి చోటు తప్పి జారిపోతాయి. అప్పుడు గర్డరు ఒక మూల గాలిలో తేలుతూ, బస్సు ఎక్కినప్పుడల్లా కిందికి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ స్తంభం తలను పగలగొడుతుంది. మార్చడం కష్టమనుకుని చాలామంది వదిలేస్తారు, కానీ ఇది చేయదగిన పనే. ఒక వరుసలోని గర్డర్లన్నిటి కింద హైడ్రాలిక్ జాకీలు పెట్టి, అన్నిటినీ ఒకే పంపుతో, ఒకే వేగంతో కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తుతారు. పాతది లాగి కొత్తది పెట్టి దింపుతారు. చివరి బస్సు వెళ్లిన తర్వాత మొదలుపెట్టి తొలి బస్సు వచ్చేలోగా ఒక వరుస ముగించవచ్చు. ఒక జాకీ ముందు, ఒకటి వెనుక లేస్తే మాత్రం స్లాబు మెలితిరిగి పగులుతుంది. ఆ పని తెలిసినవారి చేతికే ఇవ్వాలి.

ఇప్పుడు కింద పెచ్చుల మరమ్మతు. మీరు ఎక్కువగా చూసి ఉండేది ఊడిన గుంటలో సిమెంటు ముద్ద కొట్టి నునుపుగా పూసే పద్ధతి. అది రెండేళ్లు నిలిస్తే ఎక్కువ. సరైన పనిలో గుంట అంచులను మెషీనుతో నిలువుగా కోస్తారు, పలుచటి అంచు మిగల్చరు. చువ్వ వెనుక వేలు పట్టేంత, అంటే 20, 25 మిల్లీమీటర్ల వరకు పాత కాంక్రీటు తీస్తారు. చువ్వను మెరిసే వరకు శుభ్రం చేస్తారు. నాలుగో వంతు కంటే ఎక్కువ తినేసి ఉంటే పక్కన కొత్త చువ్వ కలుపుతారు. జింకు పూత పూస్తారు. పాత ముఖాన్ని బాగా తడిపి, పైన నీరు నిలవకుండా చూసి, గుంట లోతును బట్టి పాలిమర్ మోర్టారు గానీ, సెంట్రింగ్ కట్టి మైక్రో కాంక్రీటు గానీ పోస్తారు. ఒకేసారి ఒక స్తంభం చుట్టూ అంతా తవ్వకూడదు. కొంత తవ్వి, నింపి, గట్టిపడ్డాక మరికొంత.

ఇంత చేసినా ఒక చిక్కుంది. దీన్ని పని చేయించేవారే మరచిపోతుంటారు. కొత్త మరమ్మతులోని చువ్వ క్షేమంగా ఉంటుంది, దాని అంచు దాటగానే పాత కాంక్రీటులోని చువ్వ మునుపటి కంటే వేగంగా తుప్పు పడుతుంది. ఇంతవరకు కుళ్లిన చోటు తాను కరిగిపోతూ పక్క చువ్వను కాపాడింది. దాన్ని బాగుచేయగానే ఆ పాత్ర పక్కదానికి వస్తుంది. ఏడాది రెండేళ్లలో మరమ్మతు చుట్టూ ఉంగరంలా పగులు కనిపిస్తే అర్థం ఇదే. అంచుల్లో జింకు ముక్కలను చువ్వకు కట్టి పూడ్చితే, ఇనుముకు బదులు ఆ జింకు కరుగుతుంది. మొత్తం పనిలో ఇది చిన్న ఖర్చు. టెండరులో ఉందో లేదో అడగండి.

మా నల్లగొండ వైపు నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది, మీ వైపు బోర్లకూ వర్తిస్తుంది. ఫ్లోరైడ్ నీటితో కాంక్రీటు కలిపితే చువ్వలు పాడవుతాయా అని. ఫ్లోరైడ్ మా జిల్లాలో ఎన్నో కుటుంబాల ఎముకలను వంచింది, ఆ బాధ కళ్లారా చూశాను. కానీ చువ్వకు పగవాడు క్లోరైడ్. కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కొన్ని బోర్లలో అది దాటుతుంది. ట్యాంకరు ఏ బోరు నుంచి వస్తోందో కనుక్కుని ఒక సీసా నీరు పరీక్షకు పంపితే సరిపోతుంది. పట్టణానికి కృష్ణా నీరు వస్తుంటే ఆ నీరే వాడడం మంచిది.

మట్టి నింపిన ర్యాంపు భాగం గురించి క్లుప్తంగా. పక్క గోడ బయటికి ఉబ్బిందేమో గుండు కట్టిన దారం వేలాడదీసి చూడండి. గోడలోని నీరు కారే రంధ్రాలు సిమెంటుతోనో చెత్తతోనో మూసుకుపోయి ఉంటాయి, తెరిపించండి. మట్టి కుంగి వంతెన మొదట్లో గతుకు ఏర్పడితే, దిగే బస్సు అక్కడ ఎగిరి మొదటి స్పాన్ మీద పడుతుంది. ఆ గతుకును తారుతో కాక, కింద గ్రౌటింగ్ చేసి, అంటే సిమెంటు పాలు ఎక్కించి, రోడ్డుకూ వంతెనకూ మధ్య ఉండే అప్రోచ్ స్లాబు సరిచేసి పోగొట్టాలి.

రద్దీ మధ్య పని అంటే సగం సగం చేయడమే. ఒక వరుస మూసి, రెండో వరుసలో బస్సులను ఒక్కోవైపు నుంచి వంతులవారీగా వదలాలి. కొత్త కాంక్రీటు పోసిన రాత్రి పక్క వరుసలో బస్సులు నడిస్తే ఆ అదురుకు చువ్వకూ కాంక్రీటుకూ మధ్య పట్టు దెబ్బతినవచ్చు. కనీసం ఆ గంటలు పూర్తిగా ఆపాలి, తర్వాత నడక వేగంతో పంపాలి. ఇక ఏ నెలల్లో అన్నది మన ప్రాంతపు లెక్క. వానాకాలం పరీక్షలకు మంచిది, ఎందుకంటే నీరు ఎక్కడ కారుతోందో అప్పుడే దొరుకుతుంది. వానాకాలపు వడ్లు కదిలే నవంబరు, డిసెంబరు వద్దు. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, యాసంగి ధాన్యం లారీలు వచ్చే ఏప్రిల్ లోపు పెద్ద పని ముగించాలి. మా వైపైతే మాఘంలో చెరువుగట్టు జాతర రోజులు వదిలేస్తాం, మీరు మీ జాతరలు, విద్యార్థుల పరీక్షల తేదీలు ముందే అధికారుల ముందు పెట్టండి. మే నెల ఎండలో మోర్టారు వేస్తే నీరు ఆవిరై, గట్టిపడకముందే పగులుతుంది.

కూల్చడమే సరైన మాట ఎప్పుడంటే, కోర్ల బలం స్లాబంతటా తక్కువగా ఉన్నప్పుడు, క్లోరైడ్ లోపలంతా చేరినప్పుడు, ప్రీస్ట్రెస్ తీగలు (కాంక్రీటును నొక్కి ఉంచేలా లాగి బిగించిన ఉక్కు తీగలు) తెగుతున్నాయని తేలినప్పుడు. తీగలున్న గర్డరు హెచ్చరిక లేకుండా పోగలదు, అక్కడ నేను మరమ్మతును సమర్థించను. కేరళలో పాలారివట్టం ఫ్లైఓవర్ 2016లో తెరిచి 2019లోనే మూసేశారు. గర్డర్లు మార్చి 2021 మార్చిలో మళ్లీ తెరిచారు. స్తంభాలు ఉంచుకుని పైభాగం మాత్రం మార్చడమనే మధ్యేమార్గం కూడా ఉందని దాన్నిబట్టి తెలుస్తుంది. సందేహం తీరకపోతే లోడ్ టెస్ట్ చేయిస్తారు. బరువు పెట్టి తీసిన 24 గంటల్లో మామూలు ఆర్‌సీసీ స్పాన్ తన వంపులో కనీసం 75 శాతం వెనక్కి రావాలి.

ర్యాంపు కింద మీతోపాటు పండ్ల బండ్లు, చెప్పులు కుట్టేవారు ఉన్నారని రాశారు. పని మొదలయ్యాక పైనుంచి పెచ్చులు పడతాయి, వాళ్లను పంపక తప్పదు. ఆ నాలుగు నెలలు బస్టాండు ప్రహరీ పక్కన నీడ వేసి చోటు చూపమని ఇప్పుడే రాసి అడగండి. పని మొదలయ్యాక అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు. స్తంభానికి ఆనించి పొయ్యి పెట్టినవారుంటే మాత్రం ఈ రోజే జరపండి. మంట వేడికి కాంక్రీటు లోపల దెబ్బతింటుంది, చెత్త తగలబెట్టడమూ అంతే.

ఈసారి గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు తీసుకుని ర్యాంపు కిందికి వెళ్లండి. స్తంభాలకు సుద్దతో వరుస సంఖ్యలు వేసి, ప్రతి జాయింటు కింద నీరు కారే చోటు, బేరింగు, గర్డరు చివర కనిపించేలా ఫొటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే చువ్వ మందం తెలుస్తుంది. ఏటవాలు పగులు కనిపిస్తే దాని కొసను పెన్సిలుతో గీసి తేదీ రాయండి, వారం తర్వాత అది ఆ గీత దాటిందో లేదో చూడండి. దాటితే నా జవాబు కోసం ఆగకుండా అదే రోజు కలెక్టరు కార్యాలయంలో ఫొటోలతో ఫిర్యాదు ఇవ్వండి. దాటకపోతే ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, ఒక్కో స్తంభం గురించి విడిగా రాస్తాను.